ఇంటర్ తర్వాత అమెరికా: ఏ కాలేజీలకు దరఖాస్తు చేయడం మేలు?

తెలుగు ఇళ్లలో అమెరికా చదువు అంటే నేటికీ ఎంఎస్ అనే అర్థం. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న 3,31,602 మంది భారతీయ విద్యార్థుల్లో 1,96,567 మంది పీజీ స్థాయివారు కాగా, డిగ్రీ స్థాయిలో చదువుతున్నవారు 36,053 మంది మాత్రమే. అందువల్ల ఇంటర్ ఎంపీసీ పూర్తయిన వెంటనే పిల్లలను అక్కడి డిగ్రీకి పంపాలనుకునే తల్లిదండ్రులకు సలహా చెప్పేవారు దొరుకుతారు గానీ, ఆ దారిలో నడిచినవారు అరుదుగా దొరుకుతారు. ఎంఎస్‌కు అలవాటుపడిన కన్సల్టెన్సీలు ఇక్కడ కూడా మార్కులను, ర్యాంకులను చూసి ‘ఆంబిషియస్, మోడరేట్, సేఫ్’ అని మూడు వరుసల జాబితా చేతిలో పెడతాయి. రెండేళ్లలో ముగిసే చదువుకు ఆ జాబితా కొంతవరకు సరిపోతుందేమో కాని, నాలుగేళ్ల డిగ్రీకి సరిపోదు. ఎందుకంటే ఒకే కుటుంబానికి ఒక కాలేజీలో ఏడాదికి 5 వేల డాలర్లు, మరో కాలేజీలో 80 వేల డాలర్లు ఖర్చు కావచ్చు. పైగా తక్కువ ఖర్చయ్యేది ఎక్కువ పేరున్న కాలేజీయే కావచ్చు. కాబట్టి ర్యాంకు సంగతి తరువాత చూసుకుని, మన ఇంటి పరిస్థితి చూసి ఆ కాలేజీ ఎంత అడుగుతుంది, మనం ఆర్థిక సాయం కోరితే సీటు వచ్చే అవకాశం ఎంత తగ్గుతుంది అనే రెండు విషయాలను ముందుగా తేల్చుకోవాలి.

ఈ దృష్టితో చూస్తే మన విద్యార్థుల ముందు ప్రధానంగా మూడు రకాల సంస్థలు ఉంటాయి. మొదటిది, పెద్ద నిధులున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, వాటితోపాటు మన దగ్గర అంతగా పేరు వినబడని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు (ఒకే వృత్తి కోర్సుకు పరిమితం కాకుండా సైన్సు, మానవీయ శాస్త్రాలు కలిపి బోధించేవి). రెండవది, రాష్ట్ర ప్రభుత్వాల పెద్ద విశ్వవిద్యాలయాలు. మూడవది, రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కోర్సులు నడిపే స్థానిక ప్రభుత్వ కాలేజీలో) చదివి, మిగిలిన రెండేళ్లకు విశ్వవిద్యాలయానికి మారే దారి.

మొదటి రకంలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, బ్రౌన్, నోటర్‌డామ్, ఆమ్‌హర్స్ట్, బౌడిన్ వంటి కొద్ది సంస్థలు ఒక వరుసలో నిలుస్తాయి. విద్యార్థి ఏ దేశంవాడైనా, డబ్బు ఇచ్చుకోగలడా లేడా అన్నది చూడకుండా సీటు నిర్ణయించి, ఆ తరువాత కుటుంబం భరించలేని మొత్తాన్ని గ్రాంటుగా, అంటే తిరిగి కట్టనక్కర్లేని సాయంగా ఇస్తామని ఇవి చెబుతాయి. ప్రిన్స్‌టన్ 2001లోనే తన సాయంలో నుంచి అప్పులను తొలగించి గ్రాంట్లు మాత్రమే ఇవ్వడం ప్రారంభించింది. ఏడాదికి పన్నెండు లక్షలు సంపాదించే ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడి కుటుంబానికి ఇంతకంటె చవకైన చదువు అమెరికాలో దొరకడం కష్టం. లెక్కవేస్తే మన ఊరి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ ఫీజు, హాస్టలు ఖర్చు కలిపినదానికి దగ్గరగా కూడా రావచ్చు. అయితే దీనికి చెల్లించవలసిన మూల్యం పోటీలో ఉంది. ఎంఐటీలో విదేశీ విద్యార్థులకు సీటు దొరికే అవకాశం నూటికి రెండు మూడుకు మించదు. ఈ వరుసలోని కాలేజీలతోనే జాబితా నింపడం అంటే ఒకే లాటరీకి తొమ్మిది టికెట్లు కొన్నట్టే. ఒకటో రెండో ఉండవచ్చు, అంతకంటె ఎక్కువ ఉంటే మిగతా దరఖాస్తులకు పెట్టవలసిన సమయాన్ని అవే తినేస్తాయి.

అదే మొదటి రకంలో రెండో వరుస మన వాళ్ల కంట పడదు. విదేశీ విద్యార్థి సాయం కోరుతున్నాడన్న సంగతిని సీటు ఇచ్చేటప్పుడు లెక్కలోకి తీసుకునే కాలేజీలు ఇవి. కానీ ఒకసారి సీటు ఇచ్చాక లోటు మొత్తాన్ని పూడుస్తాయి. అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ అటువంటిది. మొత్తం విద్యార్థులు పదిహేడు వందల మందే, దరఖాస్తు ఫీజు కూడా లేదు. ఇంటెల్ సహ వ్యవస్థాపకుడు రాబర్ట్ నోయిస్ చదివింది అక్కడే అంటే, హైదరాబాదులో చాలామంది ఆ పేరును ఇంకోసారి అడిగి రాసుకుంటారు. కెంటకీలోని బెరియా కాలేజీ అయితే ఎవరి దగ్గరా ట్యూషన్ ఫీజే తీసుకోదు, బదులుగా ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు కాలేజీలోనే ఏదో ఒక పని చేయాలి. (పేర్ల గందరగోళం గురించి ఒక మాట: ఎంఎస్‌కు మన పిల్లలు వెళ్లే మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఉన్నది ఆమ్‌హర్స్ట్ ఊళ్లోనే, ఆమ్‌హర్స్ట్ కాలేజీ అదే ఊళ్లో ఉన్న వేరే సంస్థ. రెండింటినీ ఒకటిగా భావించి దరఖాస్తు చేసినవారు ఉన్నారు.) ఈ చిన్న కాలేజీల్లో చాలాచోట్ల ఇంజినీరింగ్ ఉండదు, కంప్యూటర్ సైన్స్ ఉంటుంది. ‘బీటెక్’ అనే మాట పట్టాలో కనిపించకపోతే పెళ్లి సంబంధాల నాటికి ఇబ్బంది అని వెనకాడే ఇళ్లు ఉన్నాయి గానీ, అక్కడ ఉద్యోగమిచ్చే కంపెనీలకు ఆ పట్టింపు లేదు. మెకానికల్, సివిల్ వంటి బ్రాంచీలే కావాలనుకునేవారు మాత్రం ఈ వరుసను ఆచితూచి ఎంచుకోవాలి.

సాయం కోరే దరఖాస్తులో తెలుగు కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఆస్తుల దగ్గర. చాలా ప్రైవేటు కాలేజీలు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో జీతంతోపాటు ఇల్లు, ఇతర స్థిరాస్తులు, వ్యాపారం, పొదుపు అన్నీ చూపాలి. కాలేజీ ఆ ఆస్తుల విలువలో కొంత భాగాన్ని కుటుంబం ఏటా చదువుకు వెచ్చించగలదని లెక్కవేస్తుంది. ఇక్కడ శంకరపల్లి దగ్గరో, గుంటూరు చుట్టుపక్కలో తాతల నాటి మూడెకరాలున్న రైతు పరిస్థితి విచిత్రంగా ఉంటుంది: ఆదాయం లక్షల్లో, భూమి విలువ కోట్లలో. అన్నదమ్ముల మధ్య పంపకం కాని భూమి అయితే దాన్ని అమ్మే హక్కు కూడా ఆయన ఒక్కడికే ఉండదు. ఈ సంగతిని ఫారంలో వివరణ కోసం కేటాయించిన చోట స్పష్టంగా రాయకపోతే, అయోవాలో కూర్చున్న అధికారి కోటీశ్వరుడి బిడ్డ సాయం అడుగుతున్నాడని అనుకోవడంలో తప్పు లేదు. దీనికి తోడు మన వాళ్లు వీసా కోసం చార్టర్డ్ అకౌంటెంటు దగ్గర ఆస్తుల విలువను వీలైనంత పెంచి సర్టిఫికెట్ రాయించుకుంటారు. సాయం ఫారంలో తగ్గించి, వీసా కాగితాల్లో పెంచి చూపిన ఒకే పొలం రెండు చోట్లా సందేహాలకు తావిస్తుంది. రెండింటిలోనూ ఒకే విలువ, నిజమైన విలువ ఉండాలి. మరొక ముఖ్యమైన విషయం కూడా ఉంది. సాయం అడిగితే సీటు రాదేమోనన్న భయంతో మొదట అడగకుండా, చేరాక అడుగుదామనుకోవడం ప్రమాదకరం. స్టాన్‌ఫర్డ్‌తో సహా అనేక సంస్థల్లో, దరఖాస్తు సమయంలో సాయం కోరని విదేశీ విద్యార్థికి ఆ తరువాత నాలుగేళ్లలో ఎప్పుడూ కోరే అర్హత ఉండదు.

రెండవ రకమైన రాష్ట్ర విశ్వవిద్యాలయాల లెక్క దీనికి పూర్తిగా భిన్నం. ఇవి ఆయా రాష్ట్రాల పన్నులతో నడిచేవి కాబట్టి, బయటివారి దగ్గర ఎక్కువ వసూలు చేయడం వాటికి సహజమైన విధానం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2025-26లో చేరిన పరరాష్ట్ర, విదేశీ విద్యార్థులు మామూలు ఫీజు మీద అదనంగా 37 వేల డాలర్లకు పైగా కట్టవలసి వచ్చింది. నివాసం, భోజనం కలుపుకొంటే దాని బర్క్‌లీ క్యాంపస్‌లో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటుతుంది. డాలరును 90 రూపాయలుగా లెక్కిస్తే నాలుగేళ్లకు మూడు కోట్లకు దగ్గర పడుతుంది. అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం విదేశీయులకు అక్కడ లేనట్టే. హామీగా పెట్టడానికి ఆస్తి ఉన్నంత మాత్రాన ఇంత మొత్తాన్ని లోనుగా తీసుకోవడం మంచిదని నేను అనుకోను. చదువు ముగిశాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసే తాత్కాలిక అనుమతి) కింద 12 నెలలు, ఇంజినీరింగ్, కంప్యూటర్ వంటి కోర్సులకు మరో 24 నెలలు పని చేసుకునే వీలు ఇప్పటికి ఉంది. ఆ తరువాత హెచ్-1బీ ఉద్యోగ వీసా ఏటా 85 వేల మందికే. ఇప్పుడు చేరే విద్యార్థి పట్టా చేతికి తీసుకునే నాటికి ఈ నిబంధనలు ఇలాగే ఉంటాయన్న భరోసా లేనప్పుడు, అక్కడి జీతాన్ని నమ్ముకుని ఇక్కడి ఇంటిని తాకట్టు పెట్టడం సాహసమే అవుతుంది.

అయినా ఈ రకాన్ని పూర్తిగా కొట్టివేయడానికి వీల్లేదు. మొదటి కారణం, మన ఇంటర్ విద్యార్థి స్వభావానికి కొన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయాల దరఖాస్తే ఎక్కువ అనువుగా ఉంటుంది. ప్రైవేటు కాలేజీలు ఇద్దరు ఉపాధ్యాయుల లేఖలు, స్కూలు కౌన్సెలర్ నివేదిక, చదువుకు బయట నాలుగేళ్లపాటు చేసిన పనుల వివరాలు అడుగుతాయి. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు నడిచే మన జూనియర్ కాలేజీలో కౌన్సెలర్ అనే ఉద్యోగమే ఉండదు. రెండు వందల మంది కూర్చునే సెక్షన్లో పాఠం చెప్పే ఫిజిక్స్ లెక్చరరు, ఒక విద్యార్థి ఆలోచనా విధానం గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాయడం కూడా కష్టమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సాధారణంగా సిఫారసు లేఖలు అడగదు, శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే పరీక్ష) స్కోరును పంపినా చూడదు. మార్కులు, కార్యకలాపాలు, ఎనిమిది ప్రశ్నల్లో ఎంచుకున్న నాలుగింటికి ఒక్కొక్కటి 350 పదాల్లోపు రాసే జవాబులు చూస్తుంది. ఎంఐటీ, హార్వర్డ్, డార్ట్‌మత్, బ్రౌన్ వంటివి శాట్‌ను మళ్లీ తప్పనిసరి చేశాయి. జేఈఈ కోసం గణితంలో బాగా పదునెక్కినవారికి శాట్ గణితం పెద్ద అడ్డంకి కాదు. ఇంగ్లీషు భాగానికే ఆరు నెలల ముందు నుంచి చదవడం అవసరం.

రెండవ కారణం టెక్సాస్. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పోటీ పద్ధతిలో కనీసం వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ పొందిన పరరాష్ట్ర లేదా విదేశీ విద్యార్థి, స్థానికుల ఫీజుకే చదివే అవకాశం పొందవచ్చు. అంటే కాగితం మీద వెయ్యి డాలర్లుగా కనిపించే బహుమతి నిజానికి ఫీజును సగం కంటె కిందికి దించగలదు. డల్లాస్ దగ్గర రిచర్డ్‌సన్‌లో ఉన్న టెక్సాస్ విశ్వవిద్యాలయం ఎంఎస్ ద్వారా తెలుగువారికి బాగా పరిచయమైనదే; డిగ్రీకి వెళ్లేవారిలో మాత్రం ఈ సంగతి తెలిసి దరఖాస్తు చేసేవారు తక్కువ. ఇటువంటి స్కాలర్‌షిప్పులకు చివరి తేదీలు సాధారణ తేదీల కంటె ముందే ఉంటాయి కనుక, జనవరి దాకా ఆగేవారికి అవి చేజారిపోతాయి.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలను పోల్చేటప్పుడు మన వాళ్లు పట్టించుకోని ఇంకొక విషయం బ్రాంచి. ఇక్కడి కౌన్సెలింగులో సీఎస్ఈ దొరకనివారు ఈసీఈలో చేరి సర్దుకున్నట్టు, అక్కడ ఏదో ఒక విభాగంలో చేరిపోయి తరువాత కంప్యూటర్ సైన్స్‌కు మారవచ్చన్న నమ్మకం విస్తృతంగా ఉంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, ఇలినాయ్ విశ్వవిద్యాలయపు అర్బానా-షాంపేన్ క్యాంపస్ వంటి చోట్ల ఆ మార్పు చాలా కష్టం. మొదట ఏ విభాగంలో సీటు ఇస్తే దాదాపు అదే ఖాయం. దీనికి భిన్నంగా ఎంఐటీలో మొదటి ఏడాది ఎవరికీ విభాగం ఉండదు, ఏడాది చివర నచ్చిన విభాగాన్ని ఎంచుకోవచ్చు. లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో సాధారణంగా రెండో ఏడాది చివరి దాకా గడువు ఉంటుంది. కాబట్టి ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు పేరు జాబితాలో ఉంచాలా వద్దా అన్నది ఆ సంస్థ ర్యాంకుతో తేలదు, మనకు కావలసిన విభాగంలో సీటు వచ్చే అవకాశంతో తేలుతుంది.

మూడవదైన కమ్యూనిటీ కాలేజీ దారి కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియాలో బంధువులున్న కుటుంబాలను ఎక్కువగా ఆకర్షిస్తుంది. కూపర్టినోలోని డి ఆంజా, దాని సోదర సంస్థ ఫుట్‌హిల్ వంటి చోట్ల విదేశీ విద్యార్థి ఫీజు ఏడాదికి పది వేల డాలర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పిన్ని ఇంట్లోనో, మేనమామ ఇంట్లోనో ఉండి చదివితే ఇంటి అద్దె కూడా మిగులుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బయటి నుంచి చేర్చుకునేవారిలో ఈ కాలేజీల విద్యార్థులకే మొదటి ప్రాధాన్యం ఇస్తుంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రజ్ క్యాంపస్‌లు నిర్ణీత మార్కులు, సబ్జెక్టులు పూర్తిచేసినవారికి సీటు హామీ కూడా ఇస్తాయి. ఇదంతా వినడానికి బాగానే ఉంటుంది. కానీ బర్క్‌లీ, లాస్ ఏంజిలెస్, శాన్ డియేగో ఆ హామీలో లేవు. ఒక విద్యార్థి ఒక్క క్యాంపస్‌కు మాత్రమే హామీ కోరగలడు. శాంటా బార్బరాలో ఇంజినీరింగ్ విభాగాలకు ఆ హామీ వర్తించదు. అంటే మన వాళ్లు వెళ్లేది దేని కోసమో సరిగ్గా అక్కడే హామీ సన్నగిల్లుతుంది. పైగా బంధువుల ఇంట్లో రెండేళ్లున్నంత మాత్రాన ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాడు కాలిఫోర్నియా స్థానికుడు కాడు; మూడో ఏడాది నుంచి ఆ అదనపు 37 వేల డాలర్ల ఫీజు అతనికీ వర్తిస్తుంది. కనుక ఇది మొత్తం ఖర్చును మూడో వంతుకు పైగా తగ్గించగల దారే తప్ప, చవక దారి కాదు. నా దృష్టిలో చివరి రెండేళ్ల ఖర్చు ముందే చేతిలో ఉన్న కుటుంబానికి, క్రమశిక్షణతో మార్కులు నిలబెట్టుకోగల విద్యార్థికి ఇది తగినది. ఆ రెండేళ్లలో స్కాలర్‌షిప్ ఏదో దొరుకుతుందిలే అన్న ఆశతో వెళ్లవలసిన దారి ఇది కాదు.

ఇక అన్నింటికంటె ఎక్కువమంది వెళ్లే దారి, ఇక్కడ బీటెక్ చేసి ఎంఎస్‌కు వెళ్లడం. దీన్ని కూడా ఇదే త్రాసులో వేయకపోతే పోలిక నిజాయితీగా ఉండదు. ఐఐటీలోనో, మంచి ఎన్ఐటీలోనో కోరిన బ్రాంచి దొరికే విద్యార్థికి, అమెరికాలో ఏడాదికి 40 వేల డాలర్లు కట్టి ఓ మోస్తరు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేయడం వల్ల కలిగే లాభం నాకు కనిపించదు. తెలంగాణ ప్రభుత్వపు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాలు కూడా పీజీ, ఆపై చదువులకే వర్తిస్తాయి. ఇంటర్ తర్వాత వెళ్లేవారికి ఆ ఆసరా ఉండదు. అమెరికా డిగ్రీ ఈ దారి కంటె స్పష్టంగా మేలయ్యేది రెండు సందర్భాల్లో: కాలేజీ లోటు మొత్తాన్ని గ్రాంటుగా భరించినప్పుడు, లేదా విద్యార్థికి ఇక్కడి ప్రవేశ పరీక్షల చట్రంలో ఇమడని ఆసక్తి, ఉదాహరణకు గణితంతోపాటు భాషాశాస్త్రం, జీవశాస్త్రంతోపాటు కంప్యూటర్లు, బలంగా ఉన్నప్పుడు.

దీన్నంతా జాబితాగా మార్చితే ఒక్కో ఇంటికి ఒక్కో రూపం వస్తుంది. ఏడాదికి ఏడెనిమిది లక్షలకు మించి పెట్టలేని కుటుంబం నుంచి వచ్చే ప్రతిభావంతుడి జాబితాలో రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దాదాపు ఉండకూడదు. మొదటి వరుసవి రెండు, లోటు మొత్తాన్ని పూడ్చే చిన్న కాలేజీలు ఏడెనిమిది ఉండాలి. వాటిలో నిజంగా నచ్చిన ఒకదానికి నవంబరులో ఎర్లీ డెసిషన్ కింద దరఖాస్తు చేయవచ్చు. సీటిస్తే చేరి తీరాలన్న షరతు దానికి ఉన్నా, వచ్చిన సాయం సరిపోకపోతే ఆ షరతు నుంచి బయటపడే వీలు ఉంటుంది. ఏడాదికి పాతిక ముప్పై లక్షలు పెట్టగల కుటుంబానికి టెక్సాస్ తరహా ఫీజు రాయితీ ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చే మధ్యస్థాయి ప్రైవేటు కాలేజీలు ప్రధానం కావాలి. డెబ్బై లక్షలు సొంతంగా పెట్టగలవారికి సలహా అవసరం పెద్దగా ఉండదు. వారు చూడవలసింది విభాగంలో సీటు ఒక్కటే. ఒకే దరఖాస్తును చాలా కాలేజీలకు పంపే వీలిచ్చే కామన్ యాప్ అనే వెబ్‌సైటు 20 కాలేజీల దాకా అనుమతించినా పది పన్నెండుకు మించకుండా చూసుకోవడం మంచిది. ప్రతి కాలేజీకీ వేరుగా రాయవలసిన వ్యాసాలుంటాయి, ఆ వ్యాసాలు రాసే డిసెంబరు నెలే జనవరి జేఈఈ మెయిన్‌కు ముందు నెల కూడా. అమెరికా విదేశాంగ శాఖకు చెందిన ఎడ్యుకేషన్ యూఎస్ఏ సలహా కేంద్రాలు ఏ కాలేజీ దగ్గరా కమిషను తీసుకోవు. ఈ జాబితాను కన్సల్టెన్సీకి చూపే ముందు అక్కడ చూపడం మేలు.

మార్చి చివరికి దాదాపు అన్ని జవాబులూ వస్తాయి, మే 1 నాటికి ఒకదాన్ని ఎంచుకోవాలి. మధ్యలో ఉండే ఏప్రిల్‌లో, చేతికొచ్చిన సాయం ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చదివేటప్పుడు, గ్రాంటును ఒక పక్క, లోనును, క్యాంపస్ ఉద్యోగం ద్వారా సంపాదించుకొమ్మన్న మొత్తాన్ని మరో పక్క రాయాలి; కొన్ని కాలేజీలు ఈ మూడింటినీ కలిపి సాయం అనే ఒకే మాటతో చూపుతాయి. ఆరోగ్య బీమా, విమాన టికెట్లు అందులో ఉన్నాయో లేవో చూడాలి. వీసాకు అవసరమైన ఐ-20 అనే పత్రాన్ని కాలేజీ నుంచి పొందడానికి, సాయం పోగా మిగిలే మొదటి ఏడాది ఖర్చుకు బ్యాంకు కాగితాలు చూపాలి కనుక ఈ లెక్క ఎలాగూ తప్పదు. సాయం కొద్దిగా తగ్గితే, మారిన ఇంటి పరిస్థితిని ఆధారాలతో వివరిస్తూ మళ్లీ పరిశీలించమని కాలేజీని అడగవచ్చు. అప్పటికీ కుదరకపోతే తొందరపడి ఆస్తి తాకట్టు పెట్టవలసిన పని లేదు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఆ తరువాతే మొదలవుతుంది కాబట్టి, ముందే దరఖాస్తు చేసి ఆ పరీక్ష రాసి ఉంచుకున్న విద్యార్థికి ఇక్కడి సీటు ఇంకా అందుబాటులోనే ఉంటుంది.